మూడో అంతస్తు ఫ్లాటుకు సోలార్ వేడినీళ్ళు: నల్లగొండ ప్రాజెక్టు డైరీ

నల్లగొండలో రామగిరి వైపు, స్టిల్టు మీద నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. మూడో అంతస్తులో ఒక బెడ్రూం ఫ్లాటు, ఒకటే బాత్రూము, ఉండేది ముగ్గురు. బాత్రూములో 15 లీటర్ల గీజరు ముందునుంచీ ఉంది. డాబా మీద సోలార్ హీటర్ పెట్టి, ఆ నీళ్ళను ఒక అంతస్తు దాటించి ఈ బాత్రూములోకి దింపాలి. సొంత ఇంటి డాబా మీద పెట్టేవాళ్ళకు హీటరే పెద్ద పని. ఫ్లాటులో అట్లా కాదు, పైపే పెద్ద పని. దాని తర్వాత నీళ్ళ పని. హీటరు మూడో స్థానంలో వస్తుంది.

నవంబర్ చివర: ఎన్ని లీటర్లు

మనిషికి బకెట్టున్నర, అంటే 30 లీటర్లు, 40 డిగ్రీల దగ్గర. ముగ్గురికి 90 లీటర్లు. చలికాలం పొద్దున ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు 22 డిగ్రీల దాకా ఉంటాయనుకుంటే, 90 లీటర్లను 18 డిగ్రీలు పెంచాలి. కరెంటు లెక్కలో అది రోజుకు రెండు యూనిట్లకు కొంచెం తక్కువ. సోలార్ పెడితే కరెంటులో మిగిలేది కూడా అంతే. నెలకు 55 యూనిట్ల దాకా. అమ్మేవాళ్ళ కాగితంలో ఇంతకు రెండింతలు రాసి ఉంటుంది. అది 100 లీటర్లనూ 60 డిగ్రీలకు తెచ్చి మొత్తం వాడేస్తారనుకుని వేసిన లెక్క.

100 లీటర్ల ఈటీసీ హీటరు (రెండు పొరల గాజు ట్యూబుల్లో నీళ్ళు వేడెక్కే రకం) రెండు రకాలుగా దొరుకుతుంది: 58 మిల్లీమీటర్ల లావు, 1800 పొడుగు ట్యూబులు పది, లేదా 47 లావు, 1500 పొడుగు ట్యూబులు పదిహేను. పదిహేను అంటే ఎక్కువనిపిస్తుంది గానీ, ఎండ పట్టే నల్లపొర వైశాల్యం రెండింట్లోనూ 0.8 చదరపు మీటరు చుట్టూనే. లావు ట్యూబులవి తీసుకున్నాం. సీళ్ళు పదే ఉంటాయి, కారే చోట్లు ఐదు తగ్గుతాయి.

ఆ 0.8 చదరపు మీటరు మీద చలికాలం మంచి ఎండ రోజున నాలుగున్నర యూనిట్ల వేడి పడితే, నీళ్ళలోకి చేరేది సుమారు మూడు. 100 లీటర్లు 25 నుంచి 28 డిగ్రీలు పెరుగుతాయి. 22 దగ్గర మొదలైన నీళ్ళు సాయంత్రానికి 48 దాకా వస్తాయి. రాత్రంతా ట్యాంకులో ఉంటే చుట్టూ 50 మి.మీ. పఫ్ (వేడి పోకుండా నింపే ఫోము) ఉన్నా 5 నుంచి 8 డిగ్రీలు దిగుతాయి. పొద్దున 42 అనుకుంటే, 90 లీటర్ల స్నానపు నీళ్ళకు 80 లీటర్ల వేడినీళ్ళు పోతాయి. సరిగ్గా సరిపోతుంది, మిగలదు. మబ్బు పట్టిన రోజు గీజరు తోడు కావాలి. అందుకే గీజరును తీసెయ్యలేదు.

కొనేటప్పుడు ఒకటి అడగాలి: 100 లీటర్లు ట్యాంకులోనివేనా, ట్యూబుల్లోవి కూడా కలిపా? ఒక్కో లావు ట్యూబు 2.6 లీటర్లు పడుతుంది, పదింటికీ 26. ట్యూబుల్లోని నీళ్ళు నేరుగా వాడకానికి రావు. మనం కొన్నది ట్యాంకే 100 లీటర్లది.

నీళ్ళ పరీక్ష

నల్లగొండ నీళ్ళంటే అందరికీ ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడ్. హీటరుకు ఫ్లోరైడుతో పేచీ లేదు. పేచీ అంతా కాఠిన్యంతో, అంటే గీజరు కాయిల్ మీద, షవరు రంధ్రాల్లో తెల్లగా పేరుకునే సున్నంతో. ఇంకో సంగతి, ‘నల్లగొండ టెక్నిక్’ పేరు ఈ ఊరిదే కదా అని కొందరు ఇక్కడ దాన్ని ఎత్తుతారు. పటిక, సున్నం కలిపి తేర్చే ఆ పద్ధతి తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించడానికి, గీజరు సున్నానికి అది మందు కాదు.

నీళ్ళలో కరిగినవన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరు కాఠిన్యాన్ని విడిగా చెప్పదు. చుక్కల కిట్టు కావాలి. నీళ్ళలో చుక్కలు వేసి రంగు మారేదాకా లెక్కపెట్టే చిన్న డబ్బా అది, అక్వేరియం సామాన్ల దుకాణాల్లోనూ దొరుకుతుంది. అపార్ట్‌మెంటు బోరు నీళ్ళు లీటరుకు 600 మిల్లీగ్రాములు దాటాయి. మున్సిపాలిటీ కృష్ణా నీళ్ళు అందులో మూడో వంతు కూడా లేవు.

లెక్క చూస్తే భయం వేస్తుంది. రోజుకు 100 లీటర్లు వేడెక్కినప్పుడు లీటరుకు 100 మిల్లీగ్రాముల సున్నం విడిపోతే రోజుకు 10 గ్రాములు. ఏడాదికి మూడున్నర కిలోలు. అది ట్యూబు అడుగున పొడిలా, ట్యాంకు గోడకు పొరలా చేరుతుంది. గాజు ట్యూబులకు బదులు రాగి పైపులున్న బల్లపరుపు రకం, అంటే ఎఫ్‌పీసీ ప్యానెల్ అయితే సన్న పైపులే మూసుకుపోతాయి, వాటిని ఊడదీసి కడగడం ఇంట్లో అయ్యే పని కాదు. ఈటీసీ ట్యూబును లాగి, కడిగి, మళ్ళీ దోపవచ్చు. బోరు నీళ్ళ ఊళ్ళలో ఈటీసీ తీసుకోమనడానికి అసలు కారణం ఇదే, ధర తర్వాత.

ట్యాంకు లోపలి రేకు సంగతి కూడా ఇక్కడే తేలాలి. మామూలు స్టీల్ 304 రేకు ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్ళలో వెల్డింగు గీత వెంట సన్న రంధ్రాలు పడుతుంది. బోరు నీళ్ళే దిక్కయినవాళ్ళు ఎనామిల్ పూత ట్యాంకు, లోపల మెగ్నీషియం కడ్డీ ఉన్నది తీసుకోవాలి. ఆ కడ్డీ తాను కరిగి ట్యాంకును కాపాడుతుంది, కాబట్టి రెండేళ్ళకోసారి విప్పి చూసుకోవాలి.

ఈ అపార్ట్‌మెంటులో మంచినీళ్ళ ట్యాంకు, బోరు ట్యాంకు వేరువేరు. అసోసియేషన్ ఒప్పుకోవడంతో హీటరుకు మంచినీళ్ళ లైను తీసుకున్నాం. నల్లా రాని రోజుల కోసం బోరు లైను కూడా ఒక బాల్ వాల్వుతో కలిపి, మూసి పెట్టాం. ఆ వాల్వు పిడి ఊడదీసి ఇంట్లో ఉంచితే మేలు. ఎవరో ఒకరు తెరిచి వదిలేస్తారు.

డిసెంబర్ మొదట్లో: డాబా మీద చోటు

డాబా ఉమ్మడిది, కాబట్టి చోటు కొలతలతో సహా అసోసియేషన్ తీర్మానం రాతలో ఉండాలి. నోటిమాట ఒప్పుకోలు పక్క ఫ్లాటు చేతులు మారితే ఆగదు.

ట్యూబులు దక్షిణం చూడాలి. నల్లగొండ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, చలికాలానికి పది పదిహేను కలుపుకుని 30 డిగ్రీల వాలు పెట్టాం. వేసవిలో ఈ వాలుకు ఎండ కొంచెం తగ్గుతుంది. తగ్గడమే మంచిది, కారణం ఏప్రిల్ పేజీలో ఉంది.

డిసెంబర్ నెలాఖరున మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తే ఎక్కుతాడు. పొద్దున తొమ్మిదింటికి 30 డిగ్రీల లోపే. అంటే మూడున్నర మీటర్ల మెట్లగది నీడ ఆ వేళకు ఆరు మీటర్లకు పైగా వాయవ్యం వైపు సాగుతుంది. మెట్లగదికి పడమట, ఉత్తరాన చోటు ఖాళీగా ఉంది కదా అని స్టాండు పెడితే పొద్దుటి ఎండంతా పోతుంది. జూన్‌లో చూసి చోటు ఖాయం చేస్తే ఇది తెలియదు. మనం మెట్లగదికి ఆగ్నేయంగా, దక్షిణం పిట్టగోడకు రెండు మీటర్లు ఎడంగా పెట్టాం.

బరువు పెద్దదేమీ కాదు. నీళ్ళు 126 కిలోలు, ట్యాంకు, ట్యూబులు, స్టాండు కలిపి ఇంకో నలభై. కానీ ఆ బరువంతా నాలుగు కాళ్ళ మీద పడుతుంది, ఏప్రిల్ మే ఈదురుగాలి కింది నుంచి ఎత్తుతుంది. స్లాబుకు డ్రిల్లు పెట్టి బోల్టులు దింపితే వాటర్‌ప్రూఫింగు చిరిగి కింది ఇంటి సీలింగు కారుతుంది. అందుకని అడుగు పొడుగు, అడుగు వెడల్పు, ఆరించుల మందం కాంక్రీటు దిమ్మెలు నాలుగు పోసి, పచ్చిగా ఉండగానే 10 మి.మీ. బోల్టులు నిలబెట్టాం. ఒక్కో దిమ్మె 32 కిలోలు తూగుతుంది. ఇవి దూలం మీదకు వచ్చేలా జరిపి, కింద పలచగా సిమెంటు పరిచి కూర్చోబెట్టాం. బోల్టుల దూరాలు స్టాండు విప్పి కొలవాలి, పుస్తకంలో బొమ్మ చూసి కాదు.

ఎత్తులు, మధ్యలో చిన్న ట్యాంకు

ఇది నాన్ ప్రెషర్ హీటరు. ట్యూబులు ట్యాంకులో సిలికాన్ రింగుల బిగువు మీద నిలబడతాయి తప్ప మరలు లేవు. మెట్లగది మీది ట్యాంకులో నీటి మట్టం డాబా నుంచి నాలుగున్నర మీటర్లు. నేరుగా కలిపితే ఆ ఒత్తిడంతా రింగుల మీద పడుతుంది, పైగా గాలిపైపును నాలుగున్నర మీటర్ల పైకి లేపాలి.

కాబట్టి మధ్యలో 50 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఒకటి, ఇనుప స్టాండు మీద. పెద్ద ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళకు లోపల బాల్‌కాక్. హీటరు ట్యాంకు పైభాగం డాబా నుంచి 1.45 మీటర్లు వచ్చింది. చిన్న ట్యాంకు అడుగు దానికంటే కనీసం అడుగు పైన ఉండాలి, 1.75 దగ్గర పెట్టాం. నీటి మట్టం 2.2. గాలిపైపు నోరు ఆ మట్టానికి ఇంకో అడుగు పైకి, 2.5 మీటర్లకు లేపి, చివర రెండు ఎల్బోలతో కిందికి వంచాం. పిచ్చుక గూడు పెట్టకుండా నోటికి జాలీ.

గాలిపైపు మూసుకుపోతే ఏమవుతుందో చాలామందికి తెలియదు. కింద కుళాయి తిప్పగానే వేడినీళ్ళు దిగుతాయి, పైన గాలి రాదు, ట్యాంకు లోపలికి సొట్టబోతుంది. వేసవిలో ఆవిరి పోయే దారి కూడా అదొక్కటే. దానికి వాల్వు పెట్టకూడదు, కారుతోందని ఎండ్ క్యాపు అసలు పెట్టకూడదు.

చిన్న ట్యాంకు నుంచి హీటరుకు వచ్చే చల్లనీళ్ళ పైపు ముందు కిందికి దిగి, యూ ఆకారంలో తిరిగి ట్యాంకు అడుగుకు చేరాలి. మధ్యలో ఎన్నార్వీ, అంటే నీళ్ళను ఒకవైపే పోనిచ్చే వాల్వు. లేకపోతే రాత్రి వేడినీళ్ళు వెనక్కి ఎక్కి ప్లాస్టిక్ ట్యాంకును వెచ్చబరుస్తాయి. యూ అడుగున ఒక టీ, వాల్వు, ప్లగ్గు పెట్టుకుంటే కడిగేటప్పుడు మొత్తం ఖాళీ చేయవచ్చు.

డిసెంబర్ మధ్య: పైపు

హీటరు నుంచి పిట్టగోడ దాకా ఆరు మీటర్లు, డక్టు వెంట కిందికి ఆరు, లోపల గీజరు దాకా మూడు, వంపులకూ తిప్పుళ్ళకూ మూడు. మొత్తం 18 మీటర్లు.

ప్లంబర్లకు ముప్పావు ఇంచు అలవాటు. వేడినీళ్ళకు వాడే ప్లాస్టిక్ పైపు సీపీవీసీ. ముప్పావు ఇంచుదానిలో మీటరుకు పావు లీటరు నీళ్ళు నిలుస్తాయి, 18 మీటర్లకు 4.6 లీటర్లు. అర ఇంచులో మీటరుకు 0.12, మొత్తం 2.2 లీటర్లే. పొద్దున మొదట కుళాయి తిప్పినవాళ్ళు ఆ చల్లనీళ్ళు వదిలేదాకా ఆగాలి. అర ఇంచులో నీళ్ళు సరిగా రావేమో అన్న అనుమానానికి లెక్క ఇది: చిన్న ట్యాంకు మట్టం డాబా మీద 2.2 మీటర్లు, బాత్రూము కుళాయి డాబాకు 5 మీటర్ల కింద. మొత్తం 7.2 మీటర్ల ఒత్తిడి. అర ఇంచు పైపులో నిమిషానికి 8 లీటర్లు పారితే 18 మీటర్లకు రాపిడి రెండున్నర మీటర్ల లోపే. ఎల్బోలు, వాల్వులు, గీజరు కలిపినా ఒత్తిడి మిగులుతుంది. 20 లీటర్ల బకెట్టు రెండున్నర నిమిషాల్లో నిండుతుంది.

పై అంతస్తు ఫ్లాటుకు ఈ లెక్క పనికిరాదు. అక్కడ ఒత్తిడి నాలుగు మీటర్లే, ముప్పావు ఇంచే వేయాలి. కింది అంతస్తులకు దిగేకొద్దీ సన్న పైపే సరి. డబ్బు కూడా తక్కువ అవుతుంది.

హీటరు నోటి దగ్గర మొదటి రెండు మీటర్లు జీఐ (జింకు పూత ఇనుప) పైపు. వేసవిలో అక్కడ నీళ్ళు 90 దాటవచ్చు, ఆవిరి కూడా తగులుతుంది, సీపీవీసీ మెత్తబడి వంగుతుంది. జీఐ నుంచి సీపీవీసీకి మారేచోట ఇత్తడి మరలున్న ఫిట్టింగే వాడాలి. ప్లాస్టిక్ మరలు చల్లగా ఉన్నప్పుడు బిగువుగానే ఉంటాయి, నాలుగుసార్లు వేడెక్కి చల్లారాక చెమరుస్తాయి.

పైపులు అతికించే జిగురు కోసం దుకాణంలో ‘సొల్యూషన్’ అని అడిగితే పీవీసీ డబ్బా చేతిలో పెడతారు. సీపీవీసీకి దాని సొల్యూషన్ వేరు. పీవీసీది రాస్తే చల్లనీళ్ళ పరీక్షలో జాయింటు నిలబడుతుంది, వేడినీళ్ళు వచ్చాక జారి ఊడుతుంది, అదీ డక్టులో చెయ్యి పట్టని చోట. పైపు తిన్నగా కోసి, లోపలి పొట్టు గీకి, రెండు వైపులా రాసి, పావు తిప్పు తిప్పి అర నిమిషం పట్టుకోవాలి. వదిలేస్తే పైపు దానంతటదే వెనక్కి జరుగుతుంది. మర్నాడు దాకా నీళ్ళు వదలకూడదు.

ఇక పిట్టగోడ. పైపును పిట్టగోడ మీదుగా ఎక్కించి అవతల దింపడం ప్రతి డాబా మీదా కనిపిస్తుంది, ఎందుకంటే గోడకు రంధ్రం కొట్టే పని తప్పుతుంది. వేడినీళ్ళ నుంచి గాలి బుడగలు విడిపోతూ ఉంటాయి. పైపులో ఎత్తైన మలుపు ఎక్కడుంటే అక్కడ చేరి కూర్చుంటాయి. కుళాయి తిప్పితే ముందు కొంచెం నీళ్ళు వచ్చి, గుర్రుమని ఆగిపోతుంది. కింద చల్లనీళ్ళు మామూలుగానే వస్తుంటాయి కాబట్టి తప్పు గీజరు మీదకో కుళాయి మీదకో పోతుంది. హీటరు నుంచి బాత్రూము దాకా పైపు ఎక్కడా పైకి లేవకూడదు. మనం పిట్టగోడ అడుగున కోర్ కటింగుతో రెండించుల రంధ్రం తీయించి, డాబా మీద ఆరు మీటర్లకూ మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఇచ్చాం. లెవల్ ట్యూబుతో చూసి, మూడడుగులకొక క్లాంపు. రంధ్రం చుట్టూ సందు సీలెంటుతో మూశాం.

డక్టులో నిలువు పైపుకు ఇంకో ఇబ్బంది. సీపీవీసీ మీటరుకు, ఒక డిగ్రీకి 0.063 మి.మీ. సాగుతుంది. ఆరు మీటర్ల పైపు 40 డిగ్రీలు వేడెక్కితే 15 మి.మీ. పొడుగవుతుంది, రాత్రికి మళ్ళీ కురచ. పైనా కిందా ఎల్బోలను క్లాంపులతో బిగిస్తే ఆ 15 మి.మీ. పోవడానికి చోటుండదు, కింది టీ మెడ దగ్గర పగులుతుంది. మధ్యలో ఒక్కచోట మాత్రమే గట్టిగా బిగించి, మిగతా క్లాంపుల్లో పైపు జారేలా వదిలి, పైనా కిందా అడ్డపైపు రెండడుగులు క్లాంపు లేకుండా ఉంచాం. ఆ రెండడుగులు వంగి సాగుడును మింగుతాయి.

పైపు మీద 13 మి.మీ. నల్ల నైట్రైల్ రబ్బరు తొడుగు. తెల్ల ఫోము తొడుగు చవక, కానీ ఇక్కడి ఎండకు ఒక వేసవిలో పిండి పిండిగా రాలుతుంది. నైట్రైలు కూడా నేరుగా ఎండ తగిలితే పగుళ్ళిస్తుంది. దాన్ని 50 మి.మీ. పీవీసీ పైపులో దూర్చాం, అర ఇంచు పైపు తొడుగుతో కలిసి 42 మి.మీ. అయ్యి సరిగ్గా పడుతుంది. ఎండకంటే ముందు దీనికి కారణం కోతులు. మెత్తగా కనిపించిన దేన్నయినా పీకి చూస్తాయి. చిన్న ట్యాంకు మూతకు కూడా అందుకే బైండింగు వైరు చుట్టాం.

తొడుగు ఎంత మంచిదైనా రాత్రంతా పైపులోని నీళ్ళను వెచ్చగా ఉంచదు. ముప్పావు గంట దాకా పనికొస్తుంది. ఒకరి వెనక ఒకరు స్నానాలు కానిస్తే రెండో మనిషికి చల్లనీళ్ళు వదిలే పని ఉండదు.

ట్యూబులు ఎక్కించడం

ఇది తెల్లవారుజామున చేయాల్సిన పని. ఎండలో ఖాళీ ట్యూబు లోపలి గాజు 200 డిగ్రీలు దాటుతుంది, అందులో చల్లనీళ్ళు పడితే టక్కున పగులుతుంది. అట్టపెట్టెలోంచి తీసిన ట్యూబును తీసినట్టే దోపాలి, మిగతావి పెట్టెలోనే ఉండాలి.

ముందు ప్రతి ట్యూబు మొన చూడాలి. అక్కడ వెండిలా మెరిసే పూత ఉంటుంది, బేరియంది. రెండు గాజుల మధ్య శూన్యం ఉన్నంతకాలం మెరుస్తుంది. గాలి చొరబడితే పాలలా తెల్లబడుతుంది. తెల్లబడ్డ ట్యూబు పనికిరాదు, అక్కడే మార్పించుకోవాలి. తర్వాత ఎప్పుడు అనుమానం వచ్చినా చూడాల్సింది ఈ మొనే.

స్టాండు బిగించి, రెండు మూలల కొలతలు సమానమో కాదో చూసి, తర్వాతే బోల్టులు గట్టి చేయాలి. అర ఇంచు తేడా ఉన్నా చివరి ట్యూబులు అడ్డంగా నిలిచి సీలును ఒక పక్క నొక్కుతాయి. దుమ్ము రింగు (సీలు దగ్గర దుమ్ము చొరకుండా బయట ఉండే రింగు) ముందు ట్యూబుకు ఎక్కించి, మూతి నుంచి ఒకే దూరంలో మార్కరుతో గీత పెట్టి, సబ్బునీళ్ళు రాసి, తిప్పుతూ నెట్టాలి. గీత దాకా అన్నీ ఒకే లోతు. నూనె, గ్రీజు రాయకూడదు, రింగు ఉబ్బుతుంది. ముందు రెండు చివరలవి, తర్వాత మధ్యవి. మెల్లగా నింపి, గాలిపైపులో నీళ్ళు కనిపించాక చిన్న ట్యాంకు బాల్‌కాక్ ఆగిందో లేదో చూసుకుని, పది రింగుల కిందా టిష్యూ కాగితం తిప్పాలి. చెమ్మ తగిలితే ట్యూబును కొంచెం తిప్పి మళ్ళీ నెడితే చాలావరకు ఆగుతుంది.

బాత్రూములో కలపడం

సోలార్ లైను గీజరు ఇన్‌లెట్‌లోకి వెళ్తుంది. పైపులో నిలిచిన రెండు లీటర్ల చల్లనీళ్ళు గీజరులోకే పోయి కలిసిపోతాయి, వృథా కావు. సోలార్ నీళ్ళు చాలినంత వేడిగా ఉంటే థర్మోస్టాట్ కాయిల్‌ను ఆన్ చేయదు. ఇన్‌లెట్ నీళ్ళు ఎంత వేడి ఉండవచ్చో గీజరు పుస్తకంలో చూసి కలపాలి. మూడు బాల్ వాల్వులు: సోలార్ నుంచి గీజరుకు ఒకటి, గీజరును తప్పించి నేరుగా వేడి లైనుకు ఒకటి, పాత చల్లనీళ్ళ ఇన్‌లెట్‌కు ఒకటి. మార్చి నుంచి రెండోది తెరిచి మిగతావి మూస్తే గీజరు పక్కన ఉంటుంది. అప్పుడు గీజరు ఎంసీబీ కూడా దించెయ్యాలి.

ఇక ఎవరూ చెప్పని సంగతి. బాత్రూము చల్లనీళ్ళు పెద్ద ట్యాంకు నుంచి వస్తాయి, మట్టం డాబా మీద 4.5 మీటర్లు. వేడినీళ్ళు చిన్న ట్యాంకు నుంచి, 2.2 మీటర్లు. మిక్సరు రెండు పిడులూ తెరిచి, హ్యాండ్ షవరు చేతి దగ్గర ఆపితే చల్లనీళ్ళు మిక్సరులోంచే వేడి లైనులోకి ఎదురెక్కుతాయి. హీటరులోకి చేరి, 2.5 మీటర్ల గాలిపైపు నోట్లోంచి డాబా మీద పారుతాయి. రాత్రంతా పారితే పొద్దునకు హీటరు నిండా చల్లనీళ్ళే, పెద్ద ట్యాంకు కూడా ఖాళీ. హీటరు పాడైందని ఫిర్యాదు చేస్తారు గానీ హీటరుకు ఏమీ కాదు. గీజరు సేఫ్టీ వాల్వులో ఉన్న ఎన్నార్వీ దీన్ని ఆపుతుంది, కానీ బైపాస్ తెరిచిన రోజు ఆపదు. అందుకే సోలార్ లైను బాత్రూములోకి వచ్చీరాగానే, మూడు వాల్వులకు ముందే, ఇత్తడి ఎన్నార్వీ ఒకటి విడిగా బిగించాం. బాణం గుర్తు గీజరు వైపు ఉండాలి.

ఒత్తిడి తేడా వల్లే మిక్సరులో చల్లనీళ్ళు వేడినీళ్ళను తొక్కేస్తాయి. చల్లవైపు యాంగిల్ కాక్ సగం మూస్తే సర్దుకుంటుంది.

జనవరి

ఎండ బాగా ఉన్న రోజుల్లో సాయంత్రం నాలుగింటికి తీసిన నీళ్ళు 47 నుంచి 49. పొద్దున ఆరింటికి 42 చుట్టూ. లెక్కకు దగ్గరగానే ఉంది. పొగమంచు పట్టిన రోజుల్లో సాయంత్రానికి 35 దాటలేదు, గీజరు అందుకుంది. ట్యూబుల మీద దుమ్ము వారానికోసారి తుడవాలి, ఎండెక్కక ముందే. కోతులకు భయపడి ట్యూబుల మీద చైన్ లింక్ జాలీ వేసుకునేవాళ్ళున్నారు. రెండించుల గళ్ళ జాలీ కూడా పదో వంతు ఎండను మింగుతుంది, చలికాలంలో అది రెండు మూడు డిగ్రీలు. ఇక్కడ వేయలేదు.

ఏప్రిల్

ఎండలు ముదిరాయి, వాడకం తగ్గింది. చల్లనీళ్ళే 32 దగ్గర వస్తుంటే వేడినీళ్ళు ఎవరికి కావాలి? హీటరు మాత్రం తన పని తాను చేస్తూనే ఉంటుంది. రెండు రోజులు వాడకపోతే నీళ్ళు 80 దాటుతాయి, మూడో రోజు గాలిపైపు ఆవిరి కక్కుతుంది. 60 డిగ్రీల నీళ్ళు నాలుగైదు సెకన్లు తగిలితే చాలు చర్మం కాలడానికి. ఇంట్లో పిల్లలుంటే ఈ నెల నుంచి వేడి కుళాయి పిడి వాళ్ళ చేతికి అందకూడదు, బకెట్టులో చల్లనీళ్ళే ముందు పట్టాలి.

పరిష్కారం గుడ్డ. పదింట్లో ఆరు ట్యూబుల మీద తెల్ల టార్పాలిన్ కప్పి కొక్కేలతో కట్టాం, ఈదురుగాలికి ఎగిరిపోకుండా. ఊరికి వెళ్తుంటే పదీ కప్పాలి. నీళ్ళు మాత్రం ఖాళీ చేయకూడదు, ఖాళీ ట్యూబు ఎండలో ఉండటం అన్నిటికంటే చెడ్డది.

ఈ నెలలోనే సున్నం పని కూడా. కడిగే ముందు సాయంత్రం నుంచే పది ట్యూబులూ కప్పి, పొద్దున యూ అడుగు వాల్వు తెరిచి ట్యాంకు ఖాళీ చేసి, చివరి రెండు ట్యూబులు లాగి చూస్తే అడుగున రెండు వేళ్ళ మందాన బూడిదరంగు బురద. మంచినీళ్ళకే ఇంత. ట్యూబును నిటారుగా నిలిపి, లీటరుకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు పోసి నీడలో మూడు నాలుగు గంటలు ఉంచితే పొర వదులుతుంది. మెత్తని సీసా బ్రష్షు, తర్వాత రెండుసార్లు మంచినీళ్ళు. ఇనుప తీగ బ్రష్షు గాజును గీకుతుంది, గీత పడ్డ ట్యూబు తర్వాత ఎప్పుడో పగులుతుంది. బాత్రూములు కడిగే యాసిడ్ ట్యాంకులోకి పోకూడదు, స్టీలు వెల్డింగును అది తినేస్తుంది. తీసిన ప్రతి ట్యూబుకూ రింగు కొత్తది వేశాం, పాతది బాగానే కనిపించినా. రింగులు పది, దుమ్ము రింగులు నాలుగు, ట్యూబు ఒకటి అదనంగా కొని ఇంట్లో పెట్టాం. వడగళ్ళ వాన పడ్డ మర్నాడు దుకాణంలో అవి దొరకవు.

తర్వాతి కడుగుడు అక్టోబరులో, చలికాలానికి ముందు. బోరు వాల్వు తెరిచిన రోజులు డాబా గోడ మీద పెన్సిలుతో గీతలు పెడుతున్నాం. ఆ గీతలు ఎక్కువైతే కడుగుడు ఆగస్టుకే జరపాలి.